వంటగది చూడకుండా నేను రాసిన ఒక్క పేరు

యాంగోన్‌లో చేపలూ రొయ్యలూ తినడానికి ఏ రెస్టారెంట్ మంచిదని ఇప్పటికీ నన్ను అడుగుతారు. నేను రిటైరై రెండేళ్లు దాటింది. తాకేటాలో మా ఇంటి వసారాలో కూర్చుని మోకాళ్లకు నూనె రాసుకుంటుంటే ఫోను మోగుతుంది. "ఆంటీ, అతిథులొచ్చారు, ఒక్క పేరు చెప్పండి" అంటారు, నాతో పనిచేసిన పిల్లలు. నేను పేరు చెప్పను. ఎలా చూసుకోవాలో చెబుతాను, చూసుకోమంటాను. పేరు చెప్పి నేనొకసారి తిన్న దెబ్బ ఏమిటో మీకెవరికీ తెలియదు. అది రాద్దామనే ఈ కాగితాలు ముందేసుకున్నాను.

నేను చేసిన ఉద్యోగానికి సరైన పేరు కూడా లేదు. పరదేశీ అతిథులు దిగే ఒక హోటల్లో చేపలు కడిగే పనికి చేరాను. అప్పటికి నాకు పద్దెనిమిదేళ్లు, చదువు ఏడో తరగతి. అహ్లోన్ రేవులో మూటలు మోసిన తాత మనవరాలికి అంతకన్నా పెద్ద కొలువు ఎవరిస్తారు? కడగడం నుంచి కోయడం, కోయడం నుంచి పెరటి గేటు దగ్గర నిలబడి వచ్చిన సరుకు ఉంచుకోవాలా తిప్పి పంపాలా అని చెప్పడం వరకూ ఎదిగాను. నాతో సరుకు తిప్పి పంపించుకోని బేరగాడు ఈ ఊళ్లో లేడు. నా వెనకాల నన్ను ఏమేమి అనేవాళ్లో నాకు తెలుసు. అనుకోండి, నాకేం?

ఊళ్లో రోజులు మారి, అతిథులు తగ్గి, మా హోటల్లో సముద్రపు తిండి వండే వంటగది మూసేశారు. వచ్చే ఆ కొద్దిమందీ మాత్రం రొయ్యలు కావాలి, పీతలు కావాలి అంటారు. వాళ్లను బయట రెస్టారెంట్లకు పంపాలి. ఎక్కడికి పంపాలి? మా మేనేజరు నన్ను పిలిచాడు. నెమ్మదిగా మాట్లాడే బర్మా ఆయన, మేమంతా సయా, అంటే అయ్యా, అని పిలిచేవాళ్లం. "ఆంటీ, ఒక పట్టిక తయారు చెయ్యండి. మీరు బాగుందంటేనే పేరు ఉంటుంది. మీరు కాదంటే అది మా బంధువుదైనా ఉండదు" అన్నాడు. ఆయన మామూలుగానే అన్నాడు. ఆ మాట చివరికి నా మెడకే చుట్టుకుంటుందని నాకేం తెలుసు?

నేను పని ఎలా చేసేదాన్నో చెబుతాను, వినండి. ముందు గుమ్మంలోంచి ఎప్పుడూ వెళ్లేదాన్ని కాదు. ముందు గుమ్మంలో అద్దాల తొట్టె ఉంటుంది, అందులో పండుగప్ప ఈదుతూ ఉంటుంది. అది మీ పళ్లెంలోకి వచ్చే చేప కాదు తల్లీ, అది ఆ దుకాణానికి కాపలావాడు, రోజూ అక్కడే ఉంటుంది. ఊరి నడిబొడ్డున ప్రతి వరసకీ వెనక ఒక సందు ఉంటుంది కదా, ఆ సందులోంచి వెళ్లాలి. పొద్దున్న పది దాటాక వెళ్లాలి, సరుకు సర్దుకునే వేళ. చేప మొప్ప ఎత్తి చూడమంటే ఎవరైనా చూస్తారు. నేను ముందు మంచు చూసేదాన్ని. మంచు ఎంత ఉంది, ఎప్పటిది, కరిగిన నీళ్లు ఎటు పోతున్నాయి అని. తర్వాత కత్తిపీట కింద చూసేదాన్ని, గోనెపట్టా ఎత్తి. ఇక కరెంటు సంగతి. వంతులవారీగా ఇచ్చి వంతులవారీగా తీసే రోజులు వచ్చాక ఈ ఊళ్లో చేప బాగుందా లేదా అన్నది గాలం వేసినవాడి చేతిలో లేదు, జనరేటర్ ఆడించేవాడి చేతిలో ఉంది. కరెంటు పోయినప్పుడు కరిగి, వచ్చినప్పుడు మళ్లీ గడ్డకట్టిన రొయ్య చూడటానికి రాయిలా గట్టిగా ఉంటుంది. దాన్ని నమ్మినవాడు ఆస్పత్రి పాలే.

ఇంత తెలిసినదాన్ని. ఇప్పుడు నా తెలివి వినండి.

బోటాటౌంగ్‌లో నదికి దగ్గరగా మా మరిది రెస్టారెంట్ తెరిచాడు. మరిది అంటే మా చెల్లెలి భర్త. తండ్రి మన తెలుగువాడు, తల్లి బర్మా ఆవిడ. తెలుగు మాట్లాడతాడు గానీ నాలుగు మాటలకొకటి బర్మా మాట దొర్లుతుంది. ఆ సంబంధం తెచ్చింది నేనే. మనిషి మంచివాడు, నవ్వుమొహం, ఎవరేమన్నా "యబాదే, యబాదే" అంటాడు. అంటే పర్వాలేదు అని. అన్నిటికీ పర్వాలేదనే మనిషి వంటిల్లు నడపకూడదని అప్పట్లో నాకు తట్టలేదు. కింద దుకాణం, పైన మేడమీద వాళ్ల కాపురం. వెనక సందులో ఉన్న తలుపు దుకాణానికీ అదే, ఇంటికీ అదే.

అక్కడ వచ్చింది చిక్కు. మా అమ్మ ఒక మాట అంటూ ఉండేది. పిల్లనిచ్చిన ఇంటికి వెళ్తే ఎదురు గుమ్మంలోంచే వెళ్లాలి, పెరటి గుమ్మంలోంచి వెళ్లకూడదు. పెరట్లోంచి వెళ్తే పిల్లకు ఏం పెడుతున్నారో, ఎలా చూస్తున్నారో కనిపెట్టడానికి వచ్చారని అత్తవారు మనసు కష్టపెట్టుకుంటారు, ఆ కష్టమంతా పిల్ల మీద తీర్చుకుంటారు. మా వాళ్లలో ఇది పెద్ద పట్టింపు. సముద్రం దాటి వచ్చాం, బట్టలు మారాయి, పిల్లల భాష మారింది, ఇది మాత్రం మారలేదు. అందుకని మొదటిసారి పట్టిక కోసం వాళ్ల దుకాణం చూడటానికి వెళ్లినప్పుడు సందు మొదట్లో ఒక్క క్షణం ఆగి, చుట్టూ తిరిగి ముందు గుమ్మానికే వెళ్లాను.

మరిది గుమ్మంలోనే ఎదురొచ్చాడు. "రా వదినా, రా! ఈ ఫేను కింద కూకో. ముందు కొబ్బరినీళ్లు తాగు, పనేటి, తరవాత సూసుకుందాం" అన్నాడు. తర్వాత రొయ్యల వేపుడు వచ్చింది, చందువ పులుసు వచ్చింది. అబద్ధమెందుకు, అమృతంలా ఉంది. ఆ రొయ్యలు ఆ పొద్దున నా కోసమే విడిగా మార్కెట్ నుంచి తెచ్చినవని పసిపిల్లలకైనా తెలుస్తుంది. నాకు తెలియలేదు. తెలుసుకోవాలని అనుకోలేదు అంటే ఇంకా నిజం. తినేశాక, "ఇక వంటగది చూపించు బాబూ" అని ఎలా అంటాను? ఉప్పు తిన్న నోటితో వంక పెట్టడమా? చేతులు కడుక్కుని, తాంబూలం పుచ్చుకుని వచ్చేశాను. మర్నాడు పట్టికలో వాళ్ల రెస్టారెంట్ పేరు రాశాను. మిగతా పేర్లన్నీ వంటగది చూసి రాసినవి. అదొక్కటే ఫేను కింద కూర్చుని రాసింది.

ఎనిమిది నెలల్లో నాలుగుసార్లు వెళ్లాను. నాలుగుసార్లూ అదే కుర్చీ, అదే ఫేను.

మా హోటల్ ముందు బల్ల దగ్గర ఒక అమ్మాయి కూర్చునేది. ముప్ఫై ఏళ్లుంటాయి, బర్మా పిల్ల, వచ్చిన అతిథులు ఏమన్నారో ఒక నోటు పుస్తకంలో రాసుకునేది. మా మాటలన్నీ బర్మా భాషలోనే, మీకోసం తెలుగులో రాస్తున్నాను. ఒకరోజు నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, "ఆంటీ, బోటాటౌంగ్ వెళ్లిన భార్యాభర్తలకు పొద్దున్నుంచీ వాంతులు" అంది.

"ఎండలో తిరిగి ఉంటారు" అన్నాను.

"పోయిన నెలలో కూడా ఒకాయనకు ఇలాగే అయింది. ఆయనా అక్కడే తిన్నాడు."

"దారిలో ఐసు ముక్కల చెరకురసం తాగుతారు, నెపమేమో రెస్టారెంట్ మీద పెడతారు. నీకు తెలియదు, ఊరుకో."

ఆ పిల్ల ఊరుకోలేదు. "వేరే రెస్టారెంట్ అయితే ఒక్కసారికే పేరు కొట్టేసేవారు కదా ఆంటీ. అహ్లోన్‌లో రెస్టారెంట్ ఆయన పేరు కొట్టేశారు, అక్కడ తిన్నవాళ్లకు ఎవరికీ ఏమీ కాలేదు కూడా" అంది.

ఒళ్లు మండిపోయింది. "నువ్వు పుట్టకముందు నుంచీ చేపలు చూస్తున్నాను, నాకు చెప్పొచ్చావా" అని కసిరాను. ఆ పిల్ల నోటు పుస్తకం మూసుకుని వెళ్లిపోయింది. నిజం చెప్పినవాళ్ల మీదే కోపం వస్తుంది మనకి, అబద్ధం చెప్పినవాళ్లను చూసి నవ్వుతాం. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదని రాస్తే బాగుంటుంది గానీ శుభ్రంగా పట్టింది.

తర్వాత ఆ విందు వచ్చింది. మాండలే నుంచి కొందరు, సింగపూర్ నుంచి కొందరు, ఒకే కుటుంబం, పెళ్లి నిశ్చయం చేసుకోవడానికి మా హోటల్లో దిగారు. ఇరవై నాలుగు మంది. అందులో ఒక మామ్మగారు, కడుపు కోసి కుట్టి రెండు నెలలు కూడా కాలేదు. ఆవిడ చిన్నప్పుడు ఈ ఊళ్లోనే పెరిగిందట. మనవరాలి నిశ్చయం నాడు నది రొయ్యలు తినాలని పట్టు. ఆవిడ కూతురు నా దగ్గరికొచ్చి రెండు చేతులూ పట్టుకుంది. "డాక్టరు తాజాదైతేనే పెట్టమన్నాడు. తేడా వస్తే అమ్మ తట్టుకోలేదు. ఈ ఊళ్లో ఎవరినడిగినా మీ మాట నమ్మమంటున్నారు" అంది. పట్టిక చూసి, నది పక్కనుందని, వాళ్లే బోటాటౌంగ్ రెస్టారెంట్ పేరు మీద వేలు పెట్టి చూపించారు. అప్పుడే కాదనాల్సింది. సరేనన్నాను. మరిదికి ఫోను చేసి చెప్పాను. "ఓలప్పా! ఇరవై నలుగురే! నువ్వు సల్లగుండాలి వదినా" అన్నాడు.

విందు సాయంత్రం ఏడింటికి. ఆ పొద్దున పదకొండు గంటలకు, ఏర్పాట్లు చూద్దామని బస్సు దిగి బోటాటౌంగ్ వీధిలో నడుస్తున్నాను. తెల్లవారుజామునుంచి ఆ వైపు కరెంటు లేదు. వీధంతా జనరేటర్ల రొద, మాట వినపడటం లేదు. మా మరిది దుకాణం ముందుకు వచ్చేసరికి మాత్రం మాట వినపడింది. లోపల ఎవరో కుర్చీలు సర్దుతున్న చప్పుడు కూడా చక్కగా వినపడింది. వీళ్ల జనరేటర్ ఆడటం లేదు.

నా కాళ్లు గుమ్మం దాకా వెళ్లి ఆగిపోయాయి. లోపలికి వెళ్తే ఫేను తిరగకపోయినా కుర్చీ వేస్తారు, కొబ్బరినీళ్లు ఇస్తారు. మామ్మగారి కూతురు పట్టుకున్న చేతులే ఆ కొబ్బరినీళ్లు అందుకోవాలి. అమ్మా, నన్ను క్షమించు అనుకుని, చీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని, చుట్టూ తిరిగి వెనక సందులోకి వెళ్లాను.

తలుపు పక్కన రొయ్య తలకాయల కుప్ప ఉంది. ఒక పిల్లి వచ్చింది, వాసన చూసింది, పక్కింటి గుమ్మం వైపు వెళ్లిపోయింది. ముప్ఫై ఏళ్లకు పైగా చేపల మధ్య బతికాను, రొయ్య తలకాయ వదిలేసి వెళ్లే పిల్లిని నేను చూడలేదు.

తలుపు తోశాను. వంటగదిలో కింద పీటలు వేసుకుని మా చెల్లి, వంటాయన, గిన్నెలు కడిగే ఇద్దరు ఆడవాళ్లు అన్నం తింటున్నారు. పళ్లాల్లో గోంగూర, కోడిగుడ్డు పులుసు. పక్కనే టిఫిను కేరేజీ, మేడమీంచి తెచ్చింది. అన్ని రకాల చేపలు అమ్మే చోట పనివాళ్లలో ఒక్కరి పళ్లెంలోనూ చేప ముల్లు లేదు. చెల్లి నన్ను చూసింది. ఎంగిలి చేత్తోనే లేచి నిలబడింది. అప్పా అనలేదు, రా అనలేదు, తలుపుకు అడ్డం రాలేదు. పక్కకు తప్పుకుంది, అంతే.

నేను ఫ్రీజరు మూత ఎత్తాను. అడుగున నాలుగు వేళ్ల మందం నీళ్లు. రొయ్యలు ఒకదానికొకటి అతుక్కుని ముద్దలయ్యాయి. ఒకసారి కరిగి మళ్లీ గడ్డకట్టి, ఇప్పుడు మళ్లీ కరుగుతున్నవి. ఒకటి చేతిలోకి తీసుకుంటే తల చేతిలోనే ఊడిపోయింది. వాసన గురించి రాయను, మీరు అన్నం తినే వేళ చదువుతారేమో. పక్కన పెద్ద బేసిన్‌లో ఇంకో పది వీశల రొయ్యలకు పసుపూ నిమ్మరసమూ దట్టంగా పట్టించి ఉంచారు. ఇది ఎందుకని వంటాయన్ని అడిగాను. సాయంత్రానికి అన్నాడు, తల ఎత్తకుండా.

ముందు గదిలోంచి మరిది వచ్చాడు. నన్ను చూసి నవ్వబోయి, నేను వచ్చిన తలుపు చూసి నవ్వు ఆపేశాడు.

"ఇటునుంచొచ్చినావేటి వదినా?"

"జనరేటరేది బాబూ?"

"పాడైపోనాది. సామాను దొరకట్లేదు. వస్తాది, రేపో ఎల్లుండో వస్తాది."

"ఎన్నాళ్లయింది పాడై?"

గిన్నెలు కడిగే ఆవిడ బర్మా భాషలో నెమ్మదిగా, వానలు మొదలవ్వకముందు నుంచీ అంది. అప్పటికి వానలు వెనకపట్టాయి.

"ఈ రొయ్యలు మనుషులకే పెడతావా?" అన్నాను.

"యబాదే వదినా, కాగిన నూనెలో ఏస్తే అన్నీ సచ్చిపోతాయి. కారం దట్టిస్తాను, ఎవులికీ తెలీదు. ఇన్నాళ్లనుండీ ఇలాగే సెయ్యట్లేదేటి?"

ఆ మాట విన్నాక నాకు భయం పోయింది. ఇక మొగమాటం ఏం మిగిలిందని? "పారబొయ్యి" అన్నాను.

"ఏటీ?"

"అంతా పారబొయ్యి. బేసిన్‌లోదీ, పెట్టెలోదీ. ఈ పూట ఇక్కడికి ఎవరూ రారు."

"వదినా, పదిమందికీ సెప్పుకున్నాను. బల్లలు అద్దెకు తెచ్చినాను. నీ సెల్లి మొకం సూడు! ఇది మూతపడిపోతే మేవేటైపోవాల?" ఏడుపే వచ్చేసింది పాపం. చెడ్డవాడు కాదు అతను, చేతకానివాడు. కానీ చేతకానివాడి రొయ్య తిన్నా అదే వాంతి.

"నా చెల్లి మొహం నేను ఎప్పుడైనా చూసుకుంటాను. కడుపు కుట్టించుకున్న ఆ ముసలావిడ మొహం ఈ సాయంత్రం చూడాలి నేను. పారబొయ్యి" అన్నాను. అతను కదల్లేదు. నేనే కొంగు నడుముకు దోపి బేసిన్ అంచు పట్టుకున్నాను. నా ఒక్కదాని వల్ల కాలేదు. రెండో అంచు మా చెల్లి వచ్చి పట్టుకుంది. ఇద్దరం మోసుకెళ్లి చెత్తబండి డబ్బాలో బోర్లించాం. నా కోపం చూసి సాయం పట్టిందనుకున్నాను, మొగుడి పరువు కోసం బేగి వదిలించుకుంటోందనుకున్నాను.

అప్పటికి పన్నెండు. ఏడు గంటల్లో ఇరవై నాలుగు మందికి తాజా నది రొయ్యలు. బల్ల దగ్గరి అమ్మాయికి ఫోను చేశాను. "నువ్వు చెప్పింది నిజం. నాది తప్పు. ఇప్పుడు ఎక్కడ దొరుకుతుందో చెప్పు" అన్నాను. ఆ పిల్ల ఒక్క ఎత్తిపొడుపు మాట అనలేదు. తెలిసిన నాలుగు చోట్లకు ఫోన్లు చేసి, రెండుచోట్ల ఖాళీ లేదనీ, ఒకచోట రొయ్యలు లేవనీ చెప్పి, చివరికి నసిగింది. "ఒక్కచోటే కుదురుతుంది ఆంటీ. అహ్లోన్ ఆయన."

అహ్లోన్ ఆయన చీనా-బర్మా ఆసామి. రెండేళ్ల కిందట మురికికాలువ పక్క నేలమీద చేపలు కడుగుతున్నారని నేను పేరు కొట్టేసినవాడు. ఆ రోజు ఆయన నన్ను వీధిలోకి వచ్చి తిట్టాడు. నేనూ తక్కువ తినలేదు. ఇప్పుడు అతని గుమ్మమే తొక్కాలి. టాక్సీ ఎక్కి వెళ్లాను.

ఆయన గల్లాపెట్టె దగ్గర నుంచి నన్ను చూసి చేతులు కట్టుకున్నాడు. "రండి రండి. నా దుకాణం మనుషులకు పనికిరాదన్నారుగా?"

"అన్నాను. ఇప్పుడు మళ్లీ చూద్దామని వచ్చాను."

"మీరు పేరు కొట్టేశాక నేను మిమ్మల్ని తిట్టుకోని పూట లేదు. మీరు చెప్పినవన్నీ చేయించాను. ఎందుకో తెలుసా? మళ్లీ ఎప్పుడైనా వస్తారు, అప్పుడు మీ మొహం మీదే తలుపు వెయ్యాలని."

"వెయ్యండి మరి."

"ముందు చూసి వెళ్లండి. తర్వాత వేస్తాను" అని ఆయనే నన్ను వంటగదిలోకి తీసుకెళ్లాడు. కాలువ మీద పలకలు పరిచారు. కడిగేందుకు ఎత్తుగా తొట్టె కట్టించారు. మంచు ఆ పొద్దుటిది. ఏం వంక పెడదామా అని గోనెపట్టా కూడా ఎత్తాను, ఆయన నవ్వుతూ చూస్తున్నాడు. వంక దొరకలేదు. రొయ్యలు మాత్రం పదిమందికి సరిపడా ఉన్నాయి. మిగతావి ఆయనా నేనూ కలిసి పెద్ద చేపల మార్కెట్‌కి వెళ్లి తెచ్చాం. బుట్టలో రొయ్యలు ఇంకా తోకలు కొడుతున్నాయి. ఒక్కొక్కటీ నేనే ఏరాను.

సాయంత్రం విందు అహ్లోన్‌లోనే. మామ్మగారు మూడు రొయ్యలు తిని, తలకాయలు కూడా జుర్రుకుని, నాలుగోదానికి చెయ్యి చాపితే కూతురు చెయ్యి పట్టుకుంది. "ఈ వయసులో నన్ను ఆపేదానివా" అని ఆవిడ కూతురు చేతిమీద ఒక్కటి వేసింది. అందరూ నవ్వారు. నేను గోడవార నిలబడి ఆవిడ కంచమే చూస్తున్నాను. మర్నాడు పొద్దున ఆవిడ తనంతట తాను నడుచుకుంటూ కిందికి టీకి వచ్చేదాకా నాకు గుక్కెడు నీళ్లు దిగలేదు.

అప్పుడు సయా గదికి వెళ్లి ఉన్నదంతా చెప్పాను. అది మా చెల్లి వాళ్లదని, వంటగది చూడకుండా పేరు రాశానని, ముగ్గురికి జబ్బు చేసినా కప్పిపుచ్చానని. ఉద్యోగం మానేస్తానన్నాను. ఆయన పట్టిక నా ముందు పెట్టాడు. "రాసింది మీరు, మీరే కొట్టెయ్యండి" అన్నాడు. కొట్టేశాను. కాగితం చిరిగింది. "మీ పదవీ విరమణకు ఇంకా ఆరు నెలలుంది. ఆరు నెలలూ మీరే వెళ్లండి. కానీ ఆ బల్ల దగ్గరి అమ్మాయి మీ వెంట వస్తుంది" అన్నాడు. శిక్ష అనుకున్నాను. తర్వాత తెలిసింది, ఆ పిల్లకు నా పని అప్పగించడమని. ఇవాళ ఆ పట్టిక ఆమె చేతిలోనే ఉంది.

జబ్బు పడ్డ ఆ ముగ్గురికీ ఉత్తరం రాయించాను, తప్పు నాదని. ఒకాయన జవాబు రాశాడు, ఇద్దరు రాయలేదు. ఎందుకు రాస్తారు?

రెస్టారెంట్ మూతపడింది. బంధువుల్లో నా పేరు ఎత్తితే చాలు, సొంత చెల్లి నోట్లో మన్ను కొట్టింది అన్నారు. పెళ్లిళ్లకు పిలుపులు తగ్గాయి. మరిది కొన్నాళ్లు వేరేచోట పనికి వెళ్లి, ఇప్పుడు పాత దుకాణం దగ్గరే పొద్దుటి పూట మోహింగా అమ్ముతున్నాడు. చేపపులుసు, సేమ్యా, తొమ్మిదింటికల్లా గిన్నె ఖాళీ, ఏ రోజు చేప ఆ రోజే. చెల్లి వండుతుంది. బాగా నడుస్తోందని విన్నాను.

మూతపడ్డ నెలకు చెల్లి తాకేటా వచ్చింది. ఆ మధ్యాహ్నం నేనొక్కదాన్నే ఉన్నాను. గుమ్మంలో ఆమెను చూడగానే నాకు నేనే చెప్పుకున్న సమాధానాలన్నీ నోటిదాకా వచ్చేశాయి. తప్పదు, మనుషుల ప్రాణాలు, నా ఉద్యోగం, ఇలా. ఆమె చాప మీద కూర్చుంది. నీళ్లిస్తే తాగింది.

"తిట్టడానికొచ్చినావేటే?" అన్నాను.

"లేదప్పా. తిట్టడానికేటుంది."

"మరి?"

గాజులు పైకి తోసుకుంది. "పోయిన ఎండాకాలం మా సిన్నది మూడ్రోజులు ఆస్పత్రిలో ఉంది, గెవనముందా?"

"విషజ్వరమన్నావు కదే. కమలాపళ్లు పట్టుకుని రాలేదేటి నేను?"

"జొరం కాదు. దుకానంలో రొయ్యలు తిన్నాది. నానే ఎట్టినాను, నా సేత్తో. పేనం పోతాదనుకున్నాను. ఆరోజునుండి ఇంట్లో ఎవులికీ ఆ సరుకు ఎట్టలేదు."

ఆ పిల్ల నా ఒళ్లో పెరిగింది.

"ఆయనకి సెప్పినాను. యబాదే అన్నాడు. మావగారికి సెప్పినాను, మొగుడి యాపారం మీద నోరెట్టుకోకు అన్నాడు. పైవోళ్లకి నానెలగ సెప్పీది? మొగుడి దుకానంలో కుళ్లు సరుకుందని ఊరంతా దండోరా ఏసీదా?" గొంతు పెంచలేదు. బియ్యంలో రాళ్లు ఏరుతున్నట్టు ఒక్కొక్క మాటే తీసి పక్కన పెట్టింది. "సర్లే, మా అప్పుంది గదా అనుకున్నాను. ఊరందరి దుకానాలకీ ఎల్తాది, మూతలెత్తి సూస్తాది, ఇక్కడా సూస్తాది, ఆపీస్తాది అనుకున్నాను. నువ్వొచ్చినప్పుడల్లా మేడమెట్ల మీద నిలబడీదాన్ని. ఇప్పుడు లెగుస్తాది, ఇప్పుడు లోపలికొస్తాది అని. నాలుగుపాల్లొచ్చినావు. ఫేను కింద కూకున్నావు, తిన్నావు, ఎల్లిపోయినావు."

"నాకేటి తెల్సు ఒలే? ఒక్క మాట నాతో చెప్పుంటే..."

"సెప్పలేదు. నాదే తప్పు, ఒప్పుకుంటాను." అప్పుడు నా మొహంలోకి చూసింది. "నువ్వు మాత్రం అడిగినావేటప్పా? ఆస్పత్రికి కమలాపళ్లట్టుకొచ్చినావు. పిల్ల ఏటి తిన్నాదే అని ఒక్కపాలి అడిగినావేటి?"

ఎవరి దుకాణంలో ఎవరికి కడుపు చెడ్డా నేను అడిగే మొదటి ప్రశ్న అది. ముప్ఫై ఏళ్లుగా అడిగాను, పరాయివాళ్లందరినీ అడిగాను.

"లేదే. అడగలేదు" అన్నాను.

ఆమె తల ఊపింది. తర్వాత లేచి, చీర సర్దుకుని, పిల్ల బడినుంచి వచ్చే వేళయిందని వెళ్లిపోయింది.